ఫిజీలో ఒక చెరకు ఊరు చూడాలంటే: బా, రాకిరాకి, లంబాసాలలో మీకు ఏది?

ఫిజీ ప్రయాణం గురించి అడిగేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే. దీవుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక చెరకు ఊరికి చోటు పెట్టుకోండి. అప్పుడు ఏ ఊరు అన్న ప్రశ్న వస్తుంది. బా, రాకిరాకి, లంబాసా మూడూ చెరకు మీద పెరిగిన ఊళ్లే. మూడింటిలోనూ మన దేశం నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు ఉన్నారు. మూడింటికీ చేరువలో కొండో, అడవో, పగడపు దిబ్బో ఉంది. అలాగని ఒకటి చూస్తే మూడూ చూసినట్టే అనుకోవద్దు. చేతిలో ఒక్క రోజే ఉంటే బా, మూడు నాలుగు రోజులుంటే రాకిరాకి, వారం ఉంటే లంబాసా. తొందరలో ఉన్నవాళ్లకు ఈ మాట చాలు. కాస్త తీరిక ఉంటే మిగతాది చదవండి. మీరు దేనికోసం వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఈ లెక్క మారిపోతుంది.

పేర్ల గురించి ఒక మాట. ఫిజీ భాషలో రాసేది ఒకటి, పలికేది ఒకటి. పటంలో నాడి అని కనిపించే విమానాశ్రయపు ఊరు నోట్లో నాండి అవుతుంది. లబాసా లంబాసా, సిగటోకా సింగటోకా అవుతాయి. బస్సు స్టాండులో అడిగేటప్పుడు ఇది అవసరపడుతుంది.

ఈ ఊళ్ల పుట్టుక

1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలతో ఫిజీలోని లెవూకా రేవుకు చేరింది. అప్పటి నుంచి 1916 దాకా 60 వేల మందికి పైగా అలా వచ్చారు. అయిదేళ్ల ఒప్పందం మీద వచ్చారు. ‘అగ్రిమెంట్’ అన్న మాట వాళ్ల నోళ్లలో నలిగి ‘గిర్మిట్’ అయింది, వచ్చినవాళ్లు గిర్మిటియాలయ్యారు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఓడలు నిండడం మొదలైంది. అక్కడ ఎక్కిన 15 వేల పైచిలుకు మందిలో తమిళులు, మలయాళీలతో పాటు విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లు ఉన్నారు. అప్పగించిన పని పూర్తి చేస్తే మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. ఉండడానికి ‘లైన్లు’ అనే గదుల వరుసలు. ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఆ బతుకును వాళ్లు ‘నరక్’ అన్నారు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

చెరకు తోటలను, మిల్లులను దశాబ్దాల పాటు నడిపింది కలోనియల్ షుగర్ రిఫైనింగ్ అనే ఆస్ట్రేలియా కంపెనీ. 1973లో అది వెళ్లిపోయాక ఫిజీ షుగర్ కార్పొరేషన్ చేతికి వచ్చాయి. మీరు చూడబోయే చిన్న రైలు పట్టాలు, పది ఎకరాల చొప్పున కోసిన పొలాలు ఆ కంపెనీ రోజుల ఆనవాళ్లు.

చెరకు ఒక్కటే కాదు, దానితో పాటు మన ప్రాణులూ వచ్చాయి. తోటల్లో ఎలుకలను పట్టడానికి 1883లో ముంగిసలను తెచ్చారు. పురుగులను తింటాయని 1890 ప్రాంతంలో గోరువంకలను తెచ్చారు. ఇప్పటికీ రోడ్డుకు అడ్డంగా ముంగిస పరిగెడుతుంది, తీగ మీద గోరువంక అరుస్తుంది. పసిఫిక్ సముద్రం నడుమ మన పెరటి గొంతు వినిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడకుండా ఉండలేం.

ఊరి కంటే ముందు నెల

ఏ ఊరైనా సరే, జూన్ నుంచి నవంబరు లోపు వెళ్లండి. చెరకు గానుగాడేది ఆ నెలల్లోనే. వానలు తక్కువ, ఎండ మెత్తన, రాత్రి చల్లన కూడా అప్పుడే. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం. గానుగ లేని నెలల్లో చెరకు ఊరు చూడడం కోత లేని నెలలో కోనసీమ వరి పొలం చూడడం లాంటిది. పచ్చదనం ఉంటుంది, సందడి ఉండదు. సీజనులో అయితే రెండడుగుల వెడల్పు పట్టాల మీద చెరకు బండ్ల వరుస పాములా పాకుతూ వస్తుంది, మిల్లు గేటు ముందు లారీలు బారులు తీరతాయి, గాలిలో కాలిన ఆకు వాసన, బెల్లం పాకం వాసన కలిసి ఉంటాయి. అనకాపల్లి, చోడవరం, తణుకు, ఉయ్యూరు వైపు పెరిగినవాళ్లకు ఆ వాసన కొత్త కాదు. ఏ మిల్లు ఏ తేదీన మొదలవుతుందో ఏటా మారుతుంది, మరమ్మతుల వల్ల ఆగడం కూడా ఉంటుంది. టికెట్టు కొనేముందు ఆ సంగతి కనుక్కోండి.

బా: ఒక్క రోజులో

నాండి నుంచి లౌటోకా పాతిక కిలోమీటర్లు, అక్కడి నుంచి బా మరో నలభై లోపే. బస్సులు వరుసగా ఉంటాయి. అద్దాలు లేని కిటికీలు, వానొస్తే దించే టార్పాలిన్, పాటల హోరు, పొలాల మధ్య దారి. ఆ బస్సు ప్రయాణమే సగం యాత్ర. ఇక్కడి రారావై మిల్లు 1886 నాటిది. ఊళ్లో గుడి, మసీదు, గుజరాతీ దుకాణాలు, కూరగాయల బజారు అన్నీ నడిచే దూరంలోనే. ఫుట్‌బాల్ ఇక్కడ మతం లాంటిది. బా జట్టు నల్ల జెర్సీ వేసుకుని ఆడే రోజున ఊరంతా ఒకే మాట మాట్లాడుతుంది.

బాను ఎంచుకోవడానికి అసలు కారణం కొండల్లో ఉన్న నవాలా గ్రామం. నది ఒడ్డున, గడ్డి కప్పిన పాతకాలపు ఇళ్లు వరుసలుగా ఉంటాయి. ఫిజీలో ఊరంతా ఆ పద్ధతిలో నిలుపుకున్న చోట్లు చాలా అరుదు. బా నుంచి పాతిక కిలోమీటర్ల పైన ఘాటు రోడ్డు, ఎత్తైన బండి ఉంటే మంచిది. ఊళ్లో అడుగుపెట్టే ముందు పెద్దకు యంగోనా (నీళ్లలో కలిపి తాగే కావా) వేర్ల కట్ట సమర్పించాలి. దాన్ని సేవుసేవు అంటారు. కట్ట బా బజారులోనే దొరుకుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోండి, టోపీ తీసేయండి, ఆదివారం వెళ్లకండి.

నవాలా వద్దనుకుంటే బాలో రాత్రి ఉండాల్సిన పని లేదు. పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నం రొట్టె చుట్టలు, కూర తిని, తిరుగుదారిలో లౌటోకాలో దిగి గిర్మిట్ సెంటర్ చూసి నాండి చేరుకోవచ్చు. లౌటోకా ఇప్పుడు నగరం కాబట్టి ఈ పోలికలో దాన్ని చేర్చలేదు. అయినా 1903 నాటి మిల్లు, రాచతాటి చెట్ల వరుస చూడదగ్గవే.

రాకిరాకి: మిల్లు ఆగిన ఊరు

నాండి నుంచి దాదాపు 130 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. బా, తవూవా దాటాక చెరకు పలచబడి, పశువులు మేసే గడ్డి కొండలు వస్తాయి. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క నకౌవాంద్ర కొండల వరుస. ఈ దారి ఫిజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

ఇక్కడి పెనాంగ్ మిల్లు 1880ల నాటిది. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఈ తీరం మీద విరుచుకుపడింది. దేశం మొత్తం మీద 44 మంది చనిపోయారు. మిల్లు దెబ్బతింది, మళ్లీ తెరవలేదు. అప్పటి నుంచి ఇక్కడి రైతులు చెరకును లారీల మీద దూరపు మిల్లుకు పంపాల్సి వచ్చింది. ఇది చదువుతున్న బోధన్ వాళ్లకు నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2015లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. గేటు దగ్గర టీ దుకాణం, ఆ పక్కన సైకిళ్ల బాగుచేత, సాయంత్రం షిఫ్టు మారే వేళ జనం, ఇవన్నీ మిల్లుతో ముడిపడి ఉంటాయి. రాకిరాకిలో ఆ ముడి తెగింది. అయినా పొలాలు ఎండిపోలేదు, బడులు మూతపడలేదు. పెనాంగ్ సంగం హైస్కూల్ అన్న పేరు రోడ్డు పక్కన చూసినప్పుడు మిల్లు పేరూ, దక్షిణాది వాళ్ల సంగం పేరూ ఒకే బోర్డు మీద నిలిచి ఉన్నాయనిపిస్తుంది.

ప్రకృతి కోసమే వెళ్లేవాళ్లకు రాకిరాకిని మించింది లేదు. ఎల్లింగ్టన్ రేవు నుంచి పడవ ఎక్కితే కాసేపట్లో ననాను-ఇ-రా దీవి. ఎదురుగా ఉన్న జలసంధిలో మెత్తటి పగడాలు రంగురంగుల పూలతోటలా ఉంటాయని సముద్రంలో మునిగి చూసేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. ఈత రానివాళ్లకూ ఒడ్డున నీడ ఉంది, గాలి ఉంది.

కొండల సంగతి వేరు. నకౌవాంద్ర గుహలో దెంగెయ్ అనే సర్పదేవుడు ఉంటాడని ఫిజీ మూలవాసుల నమ్మకం. ఆయన ఒత్తిగిలితే భూమి కంపిస్తుందట. ఆదిశేషుడి కథ వింటూ పెరిగిన మనకు ఇది వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ కొండ వాళ్లకు పవిత్రం. ఊరివాళ్ల అనుమతి, తోడు లేకుండా ఎక్కకండి. వైలేకా మలుపు దగ్గర ఉద్రె ఉద్రె అనే పాతకాలపు నాయకుడి సమాధి కూడా ఉంది. తిన్న ఒక్కో మనిషికి ఒక్కో రాయి చొప్పున 872 రాళ్లు పేర్చాడని చెబుతారు. దాన్ని నవ్వుతూ ఫొటో తీసుకునే వినోదంగా చూడవద్దని నా మనవి. ఆ వంశంవాళ్లు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

ఇక రాకిరాకి వెళ్లిన ప్రతివారూ చూసి తీరాలని నేను పట్టుబట్టేది నైసెరెలాంగి చర్చి. ఊరికి తూర్పున, దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, సముద్రం కనిపించే గుట్ట మీద ఉంది. 1962-63లో జీన్ షార్లో అనే చిత్రకారుడు లోపలి గోడ మీద పెద్ద చిత్రం గీశాడు. నడుమ నల్లని శరీరంతో, చెట్టు బెరడు వస్త్రం కట్టుకున్న క్రీస్తు. కాళ్ల దగ్గర యంగోనా గిన్నె. ఇరుపక్కలా భక్తులు. వాళ్లలో ఫిజీ మూలవాసులతో పాటు చీర కట్టుకుని పూలదండ పట్టుకున్న భారతీయ స్త్రీ, ఎద్దుల జతతో రైతు ఉన్నారు. ఏ గుళ్లోనూ, ఏ మ్యూజియంలోనూ గిర్మిటియాల సంతతిని ఇంత గౌరవంగా నిలబెట్టిన గోడను నేను ఎరగను. చెరకు పొలంలో ఎద్దు వెనుక నడిచిన మనిషి దేవుడి పక్కన నిలబడ్డాడు. ఆ ఒక్క బొమ్మ కోసం ఆ దూరం వెళ్లవచ్చు. కొద్దిగా కానుక వేయండి, ప్రార్థన వేళల్లో లోపల తిరగకండి.

లంబాసా: సమయం ఉన్నవాళ్లకు

లంబాసా వేరే దీవిలో ఉంది. వనువా లేవు అనే రెండో పెద్ద దీవికి చిన్న విమానంలో నాండి నుంచో రాజధాని సువా నుంచో గంట లోపు ప్రయాణం. ఓడలో అయితే ఖర్చు తక్కువ, ఒక రాత్రో పగలో పోతుంది. అక్కడ దిగగానే తెలుస్తుంది, ఇది విహారయాత్ర ఊరు కాదని. బీచి లేదు, మడ అడవులున్నాయి. ఎండ గట్టిగా ఉంటుంది. హోటళ్లు మామూలువి, వ్యాపారం మీద వచ్చేవాళ్లకు సరిపడేవి. సముద్రం కోసమైతే ఇక్కడికి రాకండి.

చెరకు ఊరు అంటే ఏమిటో తెలుసుకోవాలంటే మాత్రం ఇదొక్కటే చాలు. 1894 నుంచి ఉన్న మిల్లు చుట్టూ ఊరి రోజువారీ జీవితం అల్లుకుని ఉంది. సీజనులో చెరకు రైలు ఊరి మధ్యలోంచి పోతుంది, బజారులో బేరం ఆడేవాళ్లు పక్కకు జరిగి దారిస్తారు. రాకిరాకిలో ఆగిపోయినది ఇక్కడ ఎలా నడుస్తుందో కళ్లారా చూడవచ్చు. మిల్లు పనిచేసే చోటు, ప్రదర్శనశాల కాదు. గేటు దగ్గర నిలబడి, లారీ డ్రైవర్లతో మాట కలిపి చూడండి. వరుసలో గంటల తరబడి వేచి ఉండేవాళ్లకు కబుర్లు చెప్పే ఓపిక ఉంటుంది.

ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో నంగింగి దగ్గర నాగ మందిరం ఉంది. పడగ విప్పిన పాములా కనిపించే పెద్ద రాయి అక్కడి దేవుడు. రాయి పెరుగుతోందని, అందుకే పైకప్పును కొన్నిసార్లు ఎత్తుకు మార్చాల్సి వచ్చిందని భక్తులు చెబుతారు. పసుపు, పూలు, పాలు, కొబ్బరికాయలు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన మన అమ్మల చేతులు గుర్తొస్తాయి. ఒక దీవిలో మూలవాసుల సర్పదేవుడు, ఇంకో దీవిలో మనవాళ్లు వెంట తెచ్చుకున్న నాగదేవత. వీలైతే రెండూ చూడమనడానికి నాకున్న కారణం ఇదే. మాంసం తిన్న రోజు లోపలికి వెళ్లకపోవడం అక్కడి మర్యాద.

ప్రకృతికి సావుసావు దారి పట్టాలి. బస్సులో రెండున్నర మూడు గంటలు. కొండలెక్కుతూ పోతే దారిలో వైసాలి వర్షారణ్యం వస్తుంది. పెద్ద ఫెర్నులు, లోయలోకి దిగే బాట, జలపాతం. సావుసావులో ఊరి నడిబొడ్డున వేడినీటి బుగ్గలు ఆవిరి కక్కుతుంటాయి. ఊరివాళ్లు దుంపలు మూటగట్టి వాటిలో ఉడకబెట్టుకుంటారు. ఒక రాత్రి సావుసావులో ఉంటే లంబాసాలో లేని సముద్రం అక్కడ దొరుకుతుంది.

నాండి ఉన్న పెద్ద దీవిలోని సింగటోకా గురించి అడిగేవాళ్లున్నారు. చిన్న పిల్లలుంటే అదే సులువు. 1989లో ఏర్పడిన ఫిజీ తొలి జాతీయ వనం ఇక్కడి ఇసుక దిబ్బలే, నది లోయ నిండా కూరగాయల తోటలు. కానీ చెరకు అక్కడ పక్క వేషం మాత్రమే.

మనుషులతో మాట

ఈ ఊళ్లలో వినిపించేది ఫిజీ హిందీ. అవధి, భోజ్‌పురి యాసలు కలిసి అక్కడే పుట్టిన భాష. మన సినిమా హిందీ వచ్చినవాళ్లకు నిదానంగా అర్థమవుతుంది. ‘రామ్ రామ్’ అని పలకరిస్తే ముఖాలు విప్పారతాయి. దక్షిణాదివాళ్ల కోసం 1926లో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం, తెలుగువాళ్ల కోసం 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం ఏర్పడ్డాయి. ఇవి బడులు, గుళ్లు నడిపాయి. రెడ్డి, నాయుడు, అప్పన్న, రాములు లాంటి పేర్లు దుకాణాల బోర్డుల మీద కనిపిస్తాయి. ఆ పేరు చూసి గబగబా తెలుగులో మాట్లాడేయకండి. చాలా ఇళ్లలో తెలుగు ముత్తాతలతోనే ఆగిపోయింది. ‘తెలుగు ఎందుకు మరచిపోయారు’ అని మాత్రం అడగకండి. ఓడ దిగిన మరుసటి వారం నుంచే లైన్లలో వేరే భాష నేర్చుకోవాల్సి వచ్చినవాళ్ల పిల్లలు వాళ్లు. పండగ పాటల్లో, వంటింట్లో, దేవుడి పేర్లలో ఏం మిగిలిందో అడగండి, ఇష్టంగా చెబుతారు. మునగాకు కూర వాళ్లకూ ప్రాణమే. దక్షిణాది గుళ్లలో నిప్పులు తొక్కే పండుగ జూలై, ఆగస్టుల్లో ఎక్కువగా జరుగుతుంది, మీ ప్రయాణం అప్పుడైతే అక్కడి సంగం వాళ్లను అడిగి తేదీ తెలుసుకోండి.

భూమి విషయం సున్నితం. ఫిజీలో భూమి ఎక్కువ భాగం మూలవాసుల వంశాలది. చెరకు రైతులు కౌలుదార్లు. ఆ కౌళ్ల గడువు 1990ల చివర ముగియడం మొదలైంది, చాలా కుటుంబాలు పొలం వదిలాయి. 1987లో, 2000లో సైనిక, సాయుధ తిరుగుబాట్లు జరిగాక ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు, కెనడాకు వెళ్లినవాళ్లు ఎందరో. చెరకు మధ్యలో తాళం వేసిన ఇళ్లు కనిపిస్తే కారణం అది. ఇద్దరిలో ఎవరిది తప్పు అని తీర్పు చెప్పే పని అతిథిది కాదు. ఇద్దరి ఇళ్లలోనూ కూర్చోండి.

ఎలా కలుపుకోవాలి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లను విహారయాత్రకు ముందస్తు వీసా లేకుండానే రానిస్తున్నారు, బయల్దేరే ముందు మరోసారి సరిచూసుకోండి. సింగపూరు, హాంకాంగ్, సిడ్నీ, ఆక్లండ్ మీదుగా నాండి చేరవచ్చు. బండి ఎడమ పక్కనే నడుపుతారు కాబట్టి కారు అద్దెకు తీసుకోవడం మనకు కష్టం కాదు, రాత్రి మాత్రం నడపకండి, రోడ్డు మీద పశువులుంటాయి.

అమ్మానాన్నలతో వెళ్తుంటే బా చూసి రాకిరాకిలో మూడు రాత్రులు ఉండండి. దారి ఒకటే, నడక తక్కువ, నైసెరెలాంగి కారులో చేరవచ్చు. ఒంటరిగానో, ఇద్దరు స్నేహితులుగానో, కుటుంబ చరిత్ర మీద ఆసక్తితోనో వెళ్తుంటే లంబాసాకే నా ఓటు. నాలుగు రాత్రులు అక్కడ, ఒకటి సావుసావులో. సముద్రంలో మునిగే సరదా ఉన్నవాళ్లకు రాకిరాకి తప్ప మరో మాట లేదు.

మద్రాసు ఓడల్లో ఎక్కిన పూర్వీకులు మీ కుటుంబంలో ఉన్నారని తెలిస్తే, సువాలోని జాతీయ పురాభిలేఖ కేంద్రానికి (నేషనల్ ఆర్కైవ్స్) ఒక పూట కేటాయించండి. ప్రతి గిర్మిటియాకు ఒక చీటీ ఉండేది. పేరు, తండ్రి పేరు, ఎత్తు, పుట్టుమచ్చ, ఊరు, జిల్లా, ఓడ పేరు దానిలో రాసి ఉంటాయి. గుమస్తాలు తెలుగు ఊళ్ల పేర్లను చెవికి తోచినట్టు రాశారు. అక్కడి కుటుంబాలు కొన్ని ఆ చీటీ నకలును భద్రంగా దాచుకుంటాయి. తెలుగువారని తెలియగానే దాన్ని తెచ్చి మీ ముందు పెట్టి, ఈ ఊరు ఎక్కడుందో చెప్పమని అడగవచ్చు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో నేటి విజయనగరం, అనకాపల్లి ప్రాంతాలు కూడా ఉండేవని గుర్తుంచుకోండి, మన జిల్లాల పటం ఫోనులో దింపుకుని వెళ్లండి. రాసి ఉన్న పేరును గట్టిగా, మెల్లగా, రెండు మూడు రకాలుగా చదివి చూడండి. ఏదో ఒక పలుకు మీకు తెలిసిన ఊరి మీద ఆగుతుంది.